డ్రమ్ములో కలిపినంత తేలిక కాదు

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో మిర్చి వేసినవాడికి మందులు కలపడం ఎవరూ నేర్పనక్కర్లేదు. 2021-22లో నల్ల తామరపురుగు తోటల మీద పడ్డప్పుడు ఒక్కో రైతు రెండు మూడు రకాలు డ్రమ్ములో పోసి, కర్రతో తిప్పి కొట్టాడు. ఒకటి పురుగుకి, ఒకటి ముడతకి, ఇంకోటి పూత నిలవడానికి. ఒక్కోసారి మందు డ్రమ్ములోనే పాలు విరిగినట్టు విరిగింది. ఒక్కోసారి తెల్లారేసరికి ఆకు మాడింది. పురుగు తగ్గినప్పుడు కూడా ఏ మందుకి తగ్గిందో, అసలు మందుకే తగ్గిందో లేక వాతావరణం మారి తగ్గిందో చెప్పగలిగినవాడు లేడు. ఆ చేను పక్కనే మందు కొట్టని చేను ఒకటి వదిలిపెట్టి ఎవరు చూస్తారు?

అదే రైతు రక్తదాన శిబిరానికి వెళ్లినప్పుడో, ఆపరేషన్ ముందు పరీక్షలోనో, గల్ఫ్‌కి వెళ్లబోయే కొడుకు మెడికల్‌లోనో ‘హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్’, అంటే హెపటైటిస్-బి ఉందని, చీటీ వస్తుంది. డాక్టరు రోజుకో మాత్ర రాసి, ఏళ్ల తరబడి వేసుకోవాలంటాడు. రైతు నోట వచ్చే ప్రశ్న ఒకటే: “ఒక మాత్రతో పోనిది రెండు మూడు కలిపి వాడితే పోదాండీ?”

మంచి ప్రశ్న. ప్రపంచంలోని కాలేయ వైద్యులు పాతికేళ్లకు పైగా తమకు తాము వేసుకుంటున్న ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2022 నాటికి 25.4 కోట్ల మంది దీర్ఘకాలిక హెపటైటిస్-బితో ఉన్నారు. వాళ్లలో 2.98 కోట్ల మంది మన దేశంవాళ్లే. ఇంతమంది ఎదురుచూస్తున్న జవాబును ఎలా రాబడతారో మెట్టు మెట్టుగా చూద్దాం.

మెట్టు 1: గడ్డ ఎక్కడుందో తెలుసుకోవడం

తుంగను పైపైన కోస్తే నాలుగు రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. గడ్డ నేలలో ఉంటుంది. ఈ వైరస్సూ అంతే. కాలేయ కణం నడిబొడ్డున, కేంద్రకంలో, గుండ్రంగా ముడుచుకున్న డీఎన్‌ఏగా పాతుకుపోతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని సీసీసీ డీఎన్‌ఏ అంటారు. కొత్త వైరస్‌లకు అదే మూలం. పైగా వైరస్ ముక్కలు కొన్ని మన డీఎన్‌ఏలోనే అతుక్కుంటాయి. అక్కడి నుంచి కూడా వైరస్ పైతొడుగు ప్రొటీన్, అంటే చీటీలో పాజిటివ్ చూపించే ఆ హెచ్‌బీఎస్‌ఏజీ, రక్తంలోకి కుప్పలుగా వస్తూనే ఉంటుంది. దాన్ని చూసీ చూసీ మన రోగనిరోధక శక్తి అలిసిపోయి ఊరుకుంటుంది.

ఇప్పుడు వాడే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్ నకళ్లు తీసుకోకుండా ఆపుతాయి. రక్తంలో వైరస్ దాదాపు కనిపించకుండా పోతుంది, కాలేయం కోలుకుంటుంది, సిర్రోసిస్ ముప్పూ క్యాన్సర్ ముప్పూ తగ్గుతాయి. గడ్డను మాత్రం ఇవి తాకలేవు. అందుకే మాత్ర మానేస్తే చాలామందిలో వైరస్ మళ్లీ లేస్తుంది.

కాబట్టి జోడీ కట్టేవాళ్లు ముందు పనులు విడదీసుకుంటారు. నకళ్లు ఆపే మందు ఒకటి. పైతొడుగు ప్రొటీన్ తయారీని ఆపే మందు ఒకటి. అలిసిపోయిన రోగనిరోధక శక్తిని తట్టి లేపే మందు ఒకటి. ఇంటర్‌ఫెరాన్ ఈ మూడో పనికి పాత కాపు.

క్షయకూ, హెచ్‌ఐవీకీ మందులు కలిపే ఇస్తారు కదా అనొచ్చు. అక్కడ కలపడానికి ముఖ్య కారణం, ఒక్క మందైతే క్రిమి దానికి త్వరగా అలవాటు పడుతుంది. హెపటైటిస్-బిలో ఆ బెడద 1998లో వచ్చిన లామివుడిన్‌తో ఎదురైంది. అయిదేళ్లు వాడినవాళ్లలో సుమారు 70 శాతం మందిలో వైరస్ దానికి లొంగకుండా మారింది. తర్వాత వచ్చిన టెనోఫోవిర్‌కు వైరస్ అలా ఎదురు తిరగడం దాదాపు లేదు. మరి ఎంటెకావిర్‌కు టెనోఫోవిర్ తోడు చేస్తే? 379 మంది మీద 96 వారాలు చూసి 2012లో ఫలితం ప్రకటించారు. ఎంటెకావిర్ ఒక్కటే వాడినవాళ్లలో 76 శాతం మందికి, రెండూ వాడినవాళ్లలో 83 శాతం మందికి వైరస్ అదుపులోకి వచ్చింది. ఆ తేడా కాకతాళీయంగా కూడా వచ్చి ఉండొచ్చని గణాంకాలు తేల్చాయి. ఒకే పని చేసే ఇద్దరు కూలీలను ఒకే సాలులో నిలబెడితే రెండో మనిషి కూలి దండగ.

మెట్టు 2: గళ్ల పలక

ల్యాబ్‌లో అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక ఉంటుంది. 8 వరుసలు, 12 నిలువులు, మొత్తం 96 గుంటలు. గుంటగుంటకూ వైరస్ సోకిన కాలేయ కణాలు పోస్తారు. పై నుంచి కిందికి మొదటి మందు మోతాదు పెంచుకుంటూ పోతారు, ఎడమ నుంచి కుడికి రెండో మందుది. అలా ఒక్క పలక మీదే పదుల కొద్దీ పాళ్లు పరీక్షకు వస్తాయి. ఇది చాలాకాలం కష్టంగానే సాగింది, ఎందుకంటే ల్యాబ్‌లో పెంచే కాలేయ కణాల్లోకి ఈ వైరస్ సులువుగా దూరేది కాదు. 2012లో బీజింగ్ పరిశోధకులు వైరస్ లోపలికి వెళ్లే తలుపును, ఎన్‌టీసీపీ అనే ప్రొటీన్‌ను, పట్టుకున్నాకే పని సుగమమైంది.

పలక మూడు సంగతులు చెబుతుంది. రెండు మందులు ఎవరి పని వారు చేసి ఫలితం కూడిక అయిందా, ఒకదానికొకటి ఊతమిచ్చి కూడికను మించిందా, లేక ఒకటి రెండోదాని కాలు లాగిందా. కాలు లాగే జోడీని ఇక్కడే పక్కన పెడతారు.

పలక మీద గెలిచినదాన్ని జంతువుల్లో చూస్తారు. మనిషి కాలేయ కణాలు నాటిన ఎలుకలున్నాయి. అమెరికాలో ఉడత కుటుంబానికి చెందిన ఉడ్‌చక్ అనే జంతువుంది. దానికి హెపటైటిస్-బికి చుట్టమైన వైరస్ సహజంగానే సోకుతుంది.

మెట్టు 3: ముందు విడివిడిగా

కలపబోయే ప్రతి కొత్త మందునూ ముందు విడిగా కొద్దిమంది మనుషుల్లో, చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూడాలి. జంతువులకు ఏమీ కాలేదు కదా అని తొందరపడితే ఏమవుతుందో 1993 నేర్పింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఫియాలురిడిన్ అనే మందును 15 మంది హెపటైటిస్-బి రోగులకు ఇచ్చారు. జంతువుల్లోనూ, అంతకుముందు మనుషుల్లో కొద్ది వారాలు వాడినప్పుడూ ప్రమాదం బయటపడలేదు. ఈసారి వాడకం నెలలు సాగేసరికి ఏడుగురికి కాలేయం కుప్పకూలింది. అయిదుగురు చనిపోయారు. మిగిలిన ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను ఆ మందు మెల్లమెల్లగా చంపింది. మందు ఆపినా నష్టం ఆగలేదు.

విడివిడిగా భరించగలిగినవి కలిస్తే భరించలేనివి కావొచ్చు. టెల్‌బివుడిన్ మాత్రా, పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ సూదీ రెండూ అప్పటికే అనుమతి పొందిన మందులే. కలిపి ఇచ్చిన 50 మందిలో ఏడుగురికి కాళ్ల నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, నొప్పులు వచ్చాయి. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. డ్రమ్ములో విరిగిన మందు కంటికి కనపడుతుంది. ఒంట్లో విరిగింది మాత్రం నెలల తర్వాత గానీ తెలియదు.

మెట్టు 4: జట్లు కట్టడం

పరీక్షకు ప్రాణం ఇక్కడుంది. ‘జోడీ పనిచేసింది’ అనడానికి జోడీ ఇచ్చినవాళ్లను మాత్రమే చూస్తే సరిపోదు. జోడీలోని ఒక్కో మందునూ విడిగా వాడే జట్టు పక్కన ఉండాలి. అదే మన రైతు వదిలిపెట్టని ఆ పక్క చేను.

టెనోఫోవిర్, పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ జోడీ మీద జరిగిన పెద్ద పరీక్షనే చూడండి. 740 మందిని నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టుకు రెండు మందులూ కలిపి 48 వారాలు. రెండో జట్టుకు రెండూ కలిపి 16 వారాలు, ఆపైన మాత్ర ఒక్కటే 32 వారాలు. మూడో జట్టుకు మాత్ర ఒక్కటే 120 వారాలు. నాలుగో జట్టుకు ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే 48 వారాలు.

ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో డాక్టరు ఎంచడు, రోగి కోరుకోడు. కంప్యూటర్ లాటరీ తీస్తుంది. డాక్టరు చేతికి వదిలేస్తే కాస్త గట్టిగా ఉన్నవాళ్లను తెలియకుండానే కొత్త మందు వైపు తోస్తాడు. అప్పుడు గెలిచింది మందో, మనిషి ఒంటి బలమో తేలదు. వీలైనచోట రెండు జట్లకూ ఒకేలా కనిపించే మాత్రలిచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో ఇరువైపులా తెలియకుండా చేస్తారు. వారానికో సూది, జ్వరం, ఒళ్లు నొప్పులు ఉండే ఇంటర్‌ఫెరాన్‌ను దాచడం కష్టం. అలాంటప్పుడు గెలుపోటముల్ని రోగి మాట మీద కాకుండా ల్యాబ్ అంకెల మీద నిలబెడతారు.

ఎంతమంది కావాలో కూడా ముందే లెక్క కట్టాలి. ఒక్క మందుతో 100లో ముగ్గురికి నయమవుతుందనీ, జోడీతో తొమ్మిదిమందికి అవుతుందనీ ఆశిద్దాం. ఆ తేడా నిజమేనని నమ్మకంగా చెప్పడానికి ఒక్కో జట్టుకు సుమారు 240 మంది కావాలి. ఇరవై, ముప్పై మందితో చేసిన పరీక్షల మీద సంబరపడకూడదనేది అందుకే.

గెలుపంటే ఏమిటో కాగితం మీద ముందే రాసి పెట్టుకుంటారు. నేటి పరీక్షల్లో దాని పేరు ‘ఫంక్షనల్ క్యూర్’. మందులన్నీ ఆపిన 24 వారాల తర్వాత కూడా రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ లేకపోవాలి, వైరస్ డీఎన్‌ఏ కనపడకపోవాలి. గడ్డ ఎక్కడో నిద్రపోతూ ఉండొచ్చు. మొలవకుండా ఉంటే గెలుపే.

మెట్టు 5: అనుమతి, సంతకం

మన దేశంలో ఇలాంటి పరీక్షకు 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వర్తిస్తాయి. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి కావాలి. ఆసుపత్రిలో ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లతో పాటు న్యాయం తెలిసిన మనిషి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఉండాలి. మొదటి రోగిని చేర్చుకోకముందే దేశ ట్రయల్స్ రిజిస్ట్రీలో వివరాలు నమోదు చేయాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. చెడ్డ ఫలితం వస్తే ఆ పరీక్ష జరగనట్టు నటించడం దీనివల్ల కుదరదు.

తర్వాత సంతకం. ఒప్పుకోలు పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మన వైపు అంటే తెలుగులో. చదవలేనివారైతే సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించాలి. ఏ జట్టులో పడతారో లాటరీ అని, జబ్బు తగ్గుతుందన్న హామీ లేదని, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చని, తప్పుకున్నా మామూలు వైద్యం ఆగదని, పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఉంటాయని చెప్పాలి. “పెద్ద డాక్టరుగారు చెప్పారు కదా, వేలిముద్ర వేసేస్తా” అనే మాట మన ఊళ్లలో ఎంత సహజమో తెలిసిందే. ఆ మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పగలిగినవాడే ఈ పనికి తగిన డాక్టరు.

మెట్టు 6: ఎవరిని చేర్చుకుంటారు

పాజిటివ్ వచ్చిన ప్రతివారినీ తీసుకోరు. ఆరు నెలలు దాటి పాజిటివ్‌గా ఉండాలి, అప్పుడే దీర్ఘకాలికం. రక్తంలో వైరస్ ఎంతుంది, కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ ఎంతుంది, ఫైబ్రోస్కాన్‌లో కాలేయం ఎంత గట్టిపడింది అన్నీ చూస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి, హెపటైటిస్-డి తోడుగా ఉన్నవారిని, కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవారిని, గర్భిణులను సాధారణంగా పక్కన పెడతారు. ఇంటర్‌ఫెరాన్ ఉండే పరీక్షైతే తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నవారినీ వద్దంటారు, ఆ సూది దాన్ని పెంచుతుంది గనక.

మెట్టు 7: నలభై ఎనిమిది వారాలు

ఇక్కణ్ణుంచి ఓపిక పరీక్ష. నిర్ణయించిన వారాల్లో ఆసుపత్రికి రావాలి, రక్తం ఇవ్వాలి. పాజిటివ్, నెగటివ్ అనే మాటతో సరిపెట్టరు. హెచ్‌బీఎస్‌ఏజీ ఎంత మేరకు తగ్గుతోందో అంకెల్లో కొలుస్తారు. మధ్యలో ఏఎల్‌టీ ఒక్కసారిగా పెరగవచ్చు. అది రోగనిరోధక శక్తి లేచి సోకిన కణాల మీద పడుతున్న మంచి శకునం కావొచ్చు, కాలేయం చెడుతున్న చెడ్డ శకునమూ కావొచ్చు. అందుకే పరీక్ష నడిపేవాళ్లతో సంబంధం లేని నిపుణుల బృందం అప్పుడప్పుడు అంకెలు విప్పి చూస్తుంది. ప్రమాదం కనిపిస్తే పరీక్ష ఆపమని చెప్పే అధికారం దానిది.

మెట్ట ఊళ్ల నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో తిరగాల్సినవాళ్లకు కష్టం ఇంకో రూపంలో వస్తుంది. కాయ కోతకొచ్చిన వారంలో, పత్తి తీతల వారంలో ఆసుపత్రి బస్సెక్కేదెవరు? రానివారిని లెక్కలోంచి తీసేస్తే మందు నిజంగా ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే దుష్ప్రభావాలు తట్టుకోలేనివాళ్లే తరచూ ముందు మానేస్తారు. అందుకే పద్ధతైన పరీక్షలో మధ్యలో మానేసినవారిని కూడా లాటరీలో పడ్డ జట్టులోనే ఉంచి, ఎక్కువగా ‘నయం కాలేదు’ కిందే రాస్తారు.

మెట్టు 8: మందు ఆపి చూడటం

అన్నిటికంటే గుండె దడ పుట్టించే మెట్టు ఇది. మందులు ఆపేస్తారు. వైరస్ లేస్తుందా, లేవదా? లేస్తే కాలేయం మీద పెద్ద దాడి జరగొచ్చు. అందుకే ఆపిన తర్వాత తరచుగా పరీక్షలు చేస్తారు, అవసరమైతే వెంటనే మాత్ర మళ్లీ మొదలుపెడతారు. సొంతంగా మాత్ర ఆపేసుకునేవారికీ, పరీక్షలో ఆపేవారికీ తేడా ఆ కాపలాలోనే ఉంది.

మెట్టు 9: లెక్క విప్పడం

పైన చెప్పిన 740 మంది పరీక్ష ఫలితం 2016లో అచ్చయింది. 72వ వారం నాటికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయినవారు: పూర్తి జోడీ జట్టులో 9.1 శాతం, 16 వారాల జోడీ జట్టులో 2.8 శాతం, మాత్ర ఒక్కటే వాడిన జట్టులో ఒక్కరూ లేరు, ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే వాడిన జట్టులో 2.8 శాతం. జోడీ గెలిచింది, నిజమే. అయినా 100 మందిలో 90 మందికి పైగా ఏడాది పాటు సూదుల బాధ పడి కూడా అక్కడే ఉన్నారు.

ఇంకో పాఠం రీఫ్-1 అనే పరీక్ష చెప్పింది. పైతొడుగు ప్రొటీన్ తయారీని ఆపే సూదిమందు, వైరస్ పెట్టె కట్టుకోకుండా అడ్డుపడే మాత్ర, పాత మాత్ర, ఈ మూడింటినీ రకరకాల జట్లుగా 470 మంది మీద చూశారు. రోజువారీ మాత్ర ఆపడానికి పెట్టుకున్న షరతుల్ని 48వ వారానికి అందుకున్నవారు, సూదిమందు 100 మిల్లీగ్రాములకు పాత మాత్ర తోడైన జట్టులో 16 శాతం. అంతే సూదిమందుకు మూడో మందు కూడా కలిపిన జట్టులో 9 శాతం. మూడో మందు చేరి ఫలితం పెరగకపోగా తగ్గింది. పక్కన రెండు మందుల జట్టు లేకపోయుంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

మెట్టు 10: మళ్లీ చేసి చూడటం

మన చేలగట్ల మీద వానాకాలం మొలిచే నేల ఉసిరి కథ ఇక్కడ చెప్పుకోవాలి. పచ్చకామెర్లకు దాని పసరు తాగించడం తాతల నాటి వాడుక. 1988లో మద్రాసు పరిశోధకులు ‘లాన్సెట్’ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. నేల ఉసిరి పొడి 30 రోజులు వాడిన 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయింది, ఉత్తుత్తి మందు వాడిన 23 మందిలో ఒక్కరికే పోయింది. 59 శాతం! పైన చెప్పిన పరీక్షల్లో ఏదీ ఆ అంకె దరిదాపులకు రాలేదు. ప్రపంచం ఉలిక్కిపడింది. ఇతర దేశాల్లో అదే పరీక్ష మళ్లీ చేశారు. ఆ ఫలితం తిరిగి రాలేదు. మొక్క మీద గౌరవం ఉంచుకోవచ్చు. చికిత్సగా దాన్ని నమ్ముకోవడానికి మాత్రం ఆధారం నిలబడలేదు. ఒకచోట ఒకసారి వచ్చిన దిగుబడిని చూసి ఊరంతా అదే విత్తనం వేయకూడదన్న తెలివే మూడో దశ పరీక్షల వెనక కూడా ఉంది. వందలమందిలో, పలు దేశాల్లో, అదే ఫలితం మళ్లీ రావాలి. అప్పుడే మందు దుకాణానికి దారి.

ఈలోగా

గడ్డను పెకలించే జోడీ కోసం వెతుకులాట సాగుతోంది. బెపిరోవిర్సెన్ అనే సూదిమందును 24 వారాలిచ్చిన పరీక్షలో, ఎక్కువ మోతాదు పొందినవారిలో 9, 10 శాతం మందికి వైరస్ జాడలు పోయి అలాగే నిలిచాయని 2022లో తేలింది. దానికి తోడు ఏది జత చేస్తే ఆ అంకె పెరుగుతుందన్నదే ఇప్పటి పని.

మన చేతిలో ఉన్నవి తక్కువేమీ కావు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తొలిసారి హెపటైటిస్-బి టీకాను రీకాంబినెంట్ పద్ధతిలో తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు తొలి డోసు ఉచితంగా వేస్తారు. పురిట్లో తల్లి నుంచి వైరస్ సోకిన బిడ్డల్లో 10 మందికి 9 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది గనక ఆ ఒక్క రోజు చాలా విలువైంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, అవసరమైనవారికి మాత్రలు ఉచితం.

కాబట్టి చీటీలో పాజిటివ్ వచ్చినవారు దాన్ని బీరువాలో దాచకండి. ఇంట్లో భార్యాభర్తలకు, పిల్లలకు, తోబుట్టువులకు పరీక్ష చేయించండి, నెగటివ్ వచ్చినవారికి టీకా వేయించండి. డాక్టరు మాత్ర రాస్తే దానికి పసర్లు కలపకండి, బాగున్నాం కదా అని మధ్యలో ఆపకండి. ఎవరైనా ఫలానా రెండు మందులు కలిపి వాడితే పూర్తిగా పోతుందంటే ఒక్క ప్రశ్న అడగండి: పక్క జట్టుకు ఏమిచ్చారు, వాళ్లకు ఏమైంది?